కెనడాలో శరణార్థి హోదా కోరిన పిల్లల్ని చూసి రావడానికి విజిటర్ వీసా: నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రుల కోసం సమగ్ర మార్గదర్శి

కొడుకో కూతురో కెనడా వెళ్లి అక్కడ శరణార్థి హోదాకు దరఖాస్తు పెట్టుకుంటే, కేసు తేలేదాకా వాళ్లు ఇంటికి రాలేరు. మనమే వెళ్లి చూసి వద్దామని అడిగితే ఒకరు "కేసు సంగతి చెప్పకండి, చెబితే వీసా రాదు" అంటారు. ఇంకొకరు "అసలు అప్లై చేయొద్దు, పిల్లాడి కేసు పోతుంది" అంటారు. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు ఎంతోమంది తల్లిదండ్రులు ఈ రెండు మాటల మధ్య నలిగిపోతున్నారు. రెండూ తప్పే. దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ కేసు సంగతి దాచకూడదు. వీసా తప్పకుండా వస్తుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. పిల్లల కేసు నడుస్తుండగా పెట్టే దరఖాస్తు మామూలు దరఖాస్తు కన్నా కష్టమైనదే. ఆ కష్టం ఎక్కడుందో ముందే తెలిస్తే కాగితాలు దానికి తగ్గట్టు పెట్టుకోవచ్చు.

ముందు కేసు ఏ దశలో ఉందో కనుక్కోండి

కెనడాలో శరణార్థి దరఖాస్తును ఇమ్మిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ బోర్డు విచారిస్తుంది. విచారణ పూర్తయ్యేదాకా మీవాళ్లు క్లెయిమెంట్, అంటే హోదా కోరినవాళ్లు మాత్రమే. బోర్డు ఒప్పుకుంటే ప్రొటెక్టెడ్ పర్సన్, అంటే కెనడా రక్షణ దొరికిన మనిషి అవుతారు. ఆ తర్వాత పీఆర్ (శాశ్వత నివాస హోదా) కోసం అప్లై చేసుకోవాలి. పీఆర్ వచ్చాక ఏళ్లు గడిస్తే పౌరసత్వం. మీకు ఎలాంటి వీసా దొరుకుతుంది, ఎంత సులువుగా దొరుకుతుంది అన్నది ఈ దశను బట్టే ఉంటుంది.

అన్నిటికన్నా కష్టం మొదటి దశ. పిల్లలకే అక్కడ పక్కా హోదా లేదు, తల్లిదండ్రులు వస్తే వాళ్లూ అదే దరఖాస్తు పెట్టి ఉండిపోతారేమో అని అధికారికి అనుమానం వస్తుంది. బోర్డు ఒప్పుకున్నాక పరిస్థితి కొంత మెరుగు. పీఆర్ వస్తే దారి బాగా తెరుచుకుంటుంది. తల్లిదండ్రులకు, తాత నాయనమ్మలకు ఇచ్చే సూపర్ వీసా కెనడా పౌరులు, పీఆర్ ఉన్నవాళ్లు పిలిస్తేనే వస్తుంది. దానిమీద ఒకసారి వెళ్తే 5 ఏళ్ల వరకు ఉండొచ్చు. క్లెయిమెంట్ పిలిస్తే సూపర్ వీసా రాదు, మామూలు విజిటర్ వీసాయే అడగాలి. క్లెయిమెంట్ పిలుపు మీద సూపర్ వీసా ఇప్పిస్తామని ఎవరన్నా అంటే, ఆ మనిషికి విషయం తెలియదు లేదా మిమ్మల్ని మోసం చేస్తున్నాడు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆరోగ్యం బాగుండి, తొందర లేకపోతే, కనీసం బోర్డు తీర్పు వచ్చేదాకా ఆగడం మంచిది. కానీ కూతురికి పురుడు, కొడుక్కి ఆపరేషన్, తల్లికి వయసు మీద పడటం లాంటివి తీర్పుల కోసం ఆగవు కదా. అలాంటి కారణం ఉంటే ఇప్పుడే పెట్టండి, ఆ కారణాన్ని కాగితంతో చూపించండి. ఆసుపత్రి లేఖ, పురుడు తేదీ రాసిన డాక్టర్ కాగితం ఇక్కడ చాలా పనికొస్తాయి.

ఇక్కడే ఇంకో మాట. వెళ్లాలనుకుంటున్నది తల్లిదండ్రులు కాక భార్యో, భర్తో, చిన్న పిల్లలో అయితే వాళ్ల అసలు దారి విజిటర్ వీసా కాదు. బోర్డు ఒప్పుకున్నాక పెట్టే పీఆర్ దరఖాస్తులోనే జీవిత భాగస్వామిని, డిపెండెంట్ పిల్లల్ని చేర్చవచ్చు. ఆ దరఖాస్తులో వాళ్ల పేర్లు రాయకుండా వదిలేస్తే తర్వాత పిలిపించుకోవడం చాలా కష్టం. తల్లిదండ్రుల్ని అందులో చేర్చే వీలు లేదు.

పిల్లలే ఒకసారి ఇండియా వచ్చి పోతే?

ఈ ఆలోచనను ఇంట్లో ఎవరూ ముందుకు తేవద్దు. క్లెయిమ్ పెట్టినప్పుడు పాస్‌పోర్ట్ సాధారణంగా అక్కడి అధికారులే తీసుకుంటారు. కేసు నడుస్తుండగా దేశం దాటితే కేసు వదులుకున్నట్టు లెక్కగట్టే ప్రమాదం ఉంది. హోదా వచ్చాక కూడా ఇండియన్ పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకున్నా, ఇండియాకు వచ్చి వెళ్లినా, "భయం ఉందన్న దేశానికే వెళ్లావు కదా" అని ఆ హోదాను రద్దు చేయమని ప్రభుత్వం బోర్డును కోరవచ్చు. పీఆర్ ఉన్నా అదే ముప్పు, పీఆర్ కూడా పోతుంది. నానమ్మ చనిపోయిందనో, చెల్లి పెళ్లి అనో ఒత్తిడి పెట్టి రప్పించకండి. హోదా వచ్చినవాళ్లకు కెనడా ఇచ్చే రెఫ్యూజీ ట్రావెల్ డాక్యుమెంట్ మీద మూడో దేశంలో కలవొచ్చు. అది ఇండియా ప్రయాణానికి పనికిరాదు. ఏ దేశంలో కలవాలనుకున్నా, ఆ కాగితం మీద అక్కడి వీసా దొరుకుతుందో లేదో ముందే చూసుకోవాలి.

మీ దరఖాస్తు, వాళ్ల కేసు ఒకదానికొకటి ఎదురు తిరగకూడదు

ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. నిదానంగా చదవండి.

మీ విజిటర్ వీసా దరఖాస్తు చూసేది, మీ పిల్లల శరణార్థి ఫైలు మొదలయ్యేది చాలావరకు ఒకే వలస శాఖలో. అధికారి కంప్యూటర్‌లో మీ కొడుకు పేరు, పుట్టిన తేదీ కొడితే అతని చరిత్ర కనిపిస్తుంది. మీ దరఖాస్తులోని కుటుంబ వివరాల ఫారంలో పిల్లలందరి పేర్లు, చిరునామాలు రాయాలి. కెనడాలో ఎవరిని కలుస్తారో కూడా రాయాలి. అంటే దాచడానికి చోటే లేదు. "స్టూడెంట్" అని రాసి దొరికితే తప్పుడు సమాచారం కింద 5 ఏళ్ల పాటు కెనడాకు రాకుండా నిషేధించవచ్చు. కెనడా వలస చట్టం 40వ సెక్షన్ చెప్పేది ఇదే. మామూలుగా రిజెక్ట్ అయితే రేపే మళ్లీ పెట్టుకోవచ్చు, నిషేధం పడితే 5 ఏళ్లు అంతే సంగతులు.

రెండో వైపు ప్రమాదం ఇంకా లోతైనది. వీసా కోసం మనం రాసే మాట పిల్లల కేసుకు అడ్డం పడవచ్చు. "మా ఊళ్లో ఏ గొడవలూ లేవు, అందరం సంతోషంగా ఉన్నాం, ఎవరితోనూ శత్రుత్వం లేదు" అని తండ్రి లేఖ రాశాడనుకోండి. కొడుకు మాత్రం ఆ ఊళ్లోనే ప్రాణభయం ఉందని బోర్డుకు చెప్పుకున్నాడు. ఈ రెండూ ఒకే వ్యవస్థలో ఉంటాయి. రేపు విచారణలో "మీ నాన్న ఇలా రాశాడేం?" అని అడగవచ్చు.

ఇంకా సున్నితమైన సంగతి. మన జిల్లాల్లో కొన్ని కేసుల వెనక కులాంతర పెళ్లి ఉంటుంది. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో ప్రేమపెళ్లి చేసుకున్న యువకుణ్ణి ఆసుపత్రి బయటే నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఆ కేసులో ఒకరికి ఉరిశిక్ష, మిగతావాళ్లకు యావజ్జీవం వేసింది. అలాంటి భయంతో వెళ్లినవాళ్లను ఊళ్లో "దొంగ కేసు పెట్టాడు" అని తేలిగ్గా మాట్లాడుతుంటారు, అది నాకు బాధగా ఉంటుంది. అయితే వీసా విషయంలో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: కేసులో భయం ఎవరి నుంచి అని రాశారు? సొంత తల్లిదండ్రుల నుంచో, మేనమామల నుంచో అని ఒక అమ్మాయి రాసి ఉంటే, ఆ తల్లిదండ్రులనే ఆహ్వానిస్తూ అదే అమ్మాయి సంతకం పెడితే కేసు కూలిపోవచ్చు. మధ్యలో మనసులు కలిసి ఉండొచ్చు, మంచిదే. కానీ ఆ మార్పు ముందుగా ఆమె లాయరుకు తెలియాలి.

కాబట్టి ఫారం తెరవకముందే పిల్లల లాయరుతో ఒక్కసారి మాట్లాడించండి. మీ తరఫున రాసే లేఖలన్నీ పంపే ముందు ఆయన చూడాలి. కేసులో ఏముందో మీకు వివరంగా తెలియనక్కర్లేదు, ఫోన్లో గుచ్చిగుచ్చి అడగనూ వద్దు. మీరు రాయబోయే మాటల్లో అడ్డుపడేది ఏదీ లేదని ఆయన చెబితే చాలు. పిల్లలు బోర్డుకు తమ కథ రాసిచ్చిన బేసిస్ ఆఫ్ క్లెయిమ్ ఫారం మీ వీసా కాగితాల్లో పెట్టకండి. దాన్ని వాట్సాప్‌లో తెప్పించుకుని జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించడం కూడా వద్దు. శరణార్థి విచారణలు బయటివాళ్లకు తెలియకుండా జరుగుతాయి. ఆ రహస్యాన్ని మనమే బజార్లో పెట్టకూడదు.

పాస్‌పోర్ట్, పేర్లు, మారిన జిల్లాలు

పాస్‌పోర్ట్ లేకపోతే మొదట అదే. 36 పేజీల 10 ఏళ్ల పాస్‌పోర్ట్‌కు 1500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2000. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లో పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలు ఉన్నాయి, అక్కడ స్లాట్ దొరక్కపోతే హైదరాబాద్ వెళ్లాలి. పదో తరగతి పాస్ కానివాళ్లకు పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ ముద్ర పడుతుందని కంగారు పడతారు. అది గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకు పనికోసం వెళ్లేవాళ్ల సంగతి, కెనడా చూసి రావడానికి దానితో సంబంధం లేదు.

పేర్లలో తేడాలు మాత్రం సరిచూసుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తి ఇంటిపేరు, పట్టాదారు పాసుపుస్తకంలో ఒట్టి పేరు, కొడుకు పదో తరగతి మెమోలో తండ్రి పేరు ఇంకోలా. ఇది మన దగ్గర మామూలే, కానీ అక్కడ కూర్చున్న అధికారికి నలుగురు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తుంది. వీలైతే దిద్దించండి. వీలు కాకపోతే ఈ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ పెట్టండి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, కెనడా ఫారంలో మీ పేరు మొత్తం ఇంటిపేరు గడిలో రాసి రెండో గడి ఖాళీగా వదలాలి.

జిల్లాల సంగతి చాలామంది మరిచిపోతారు. 2016 అక్టోబర్‌లో ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరుపడ్డాయి, 2019లో నారాయణపేట వచ్చింది. ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. 2014 జూన్ 2కు ముందు కాగితాల మీద ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. ఒకే ఊరు ఒక కాగితంలో మహబూబ్‌నగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. ఇంకో దాంట్లో వనపర్తి జిల్లా, తెలంగాణ. ఇల్లు మారలేదు, జిల్లా పేరు మారిందని వివరణ లేఖలో ఒక్క వాక్యం రాయండి.

తిరిగొస్తారని ఏం చూపిస్తారు?

కెనడా నిబంధనల్లో విజిటర్ వీసాకు గుండెకాయ లాంటి షరతు ఒకటే: గడువు ముగిసేలోగా ఈ మనిషి వెనక్కి వెళ్తాడని అధికారికి నమ్మకం కుదరాలి. మామూలుగా ఇంటర్వ్యూ ఉండదు. మీ ముఖం, మీ మాటతీరు ఆయన చూడడు, కాగితాలే మీ తరఫున మాట్లాడాలి. పిల్లల మీద ప్రేమను వర్ణిస్తూ పేజీలు నింపేకన్నా, ఇక్కడ మీ జీవితం ఎంత గట్టిగా వేళ్లూనుకుని ఉందో చూపించడం మేలు.

రైతులకు ఐటీ రిటర్నులు ఉండవు, వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి. అది లోపం కాదు, కానీ ఆ ఖాళీని వేరే కాగితాలతో పూరించాలి. పట్టాదారు పాసుపుస్తకం, భూభారతి పోర్టల్ నుంచి తీసిన భూమి వివరాలు, ఐకేపీ సెంటర్లో వడ్లు అమ్మిన రసీదులు, మార్కెట్ యార్డు తక్‌పట్టీలు, ఆ డబ్బు ఖాతాలో పడినట్టు బ్యాంక్ స్టేట్‌మెంట్, రైతు భరోసా జమలు. రసీదులో ఉన్న మొత్తం, ఖాతాలో పడిన మొత్తం కలిసేలా గుర్తు పెట్టి చూపిస్తే పదిమంది పెద్దమనుషుల లేఖల కన్నా బలం. పాసుపుస్తకంలో 2-20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఎకరానికి 40 గుంటలని తెలియని అధికారి దాన్ని 2.20 అనుకుంటాడు. అనువాదంలో లెక్క విప్పి రాయించండి.

ప్రయాణ తేదీలు కూడా ఒక సాక్ష్యమే. సాగర్ ఎడమ కాల్వ కింద వరి వేసేవాళ్లయితే యాసంగి వడ్లు అమ్ముడయ్యాక మేలో వెళ్లి, వానాకాలం నార్లకు జూన్ ఆఖరులోపు తిరిగొస్తామని రాయండి. బత్తాయి తోట ఉంటే కోతల మధ్య ఖాళీ చూసుకోండి. "ఆరు నెలలు ఉంటాం" అని రాసి, కింద "వ్యవసాయం చేస్తాం" అని రాస్తే పంట ఎవరు చూస్తారన్న ప్రశ్న వస్తుంది. ఐదారు వారాలు అడగడం మంచిది. వీసా ఇస్తే అక్కడ దిగినప్పుడు మామూలుగా 6 నెలల దాకా అనుమతి దొరుకుతుంది కాబట్టి తక్కువ అడిగితే నష్టం లేదు.

ఉద్యోగులకు సెలవు మంజూరు లేఖ, ప్రభుత్వ ఉద్యోగులకు శాఖ ఇచ్చే ఎన్‌వోసీ, ఆరు నెలల జీతం స్లిప్పులు. రిటైరైనవాళ్లకు పీపీవో, పెన్షన్ పడే ఖాతా. కిరాణా షాపో, మిల్లో ఉంటే లైసెన్సు, జీఎస్టీ రిటర్నులు. ఇంటికి పన్ను రసీదు, రిజిస్ట్రేషన్ కాగితం.

మనుషులూ బంధమే. ఇంకో కొడుకు ఇక్కడే ఉన్నాడా, మనవలు మీ దగ్గర చదువుకుంటున్నారా, మంచాన ఉన్న తల్లిని మీరే చూసుకుంటున్నారా? ఆ వివరాలు ఆధార్, బోనఫైడ్, ఆసుపత్రి కాగితాలతో పెట్టండి. భార్యాభర్తలు ఇద్దరూ వెళ్తే ఇక్కడ ఎవరూ మిగలని ఇళ్లలో, ఈసారికి ఒకరే వెళ్లి రావడం గురించి ఆలోచించండి. పురుటికైతే తల్లి ఒక్కరే వెళ్లడం సహజంగానే ఉంటుంది. మనసుకు కష్టమే, కానీ ఒకరు వెళ్లి గడువులోగా తిరిగొచ్చారంటే తర్వాతి దరఖాస్తుకు అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం కావాలి, దానితో అనువాదకుడి అఫిడవిట్ కూడా ఉండాలి. అనువాదం మీరు గానీ మీ కుటుంబ సభ్యులు గానీ చేయకూడదు, అల్లుడు లాయరైనా సరే.

డబ్బు లెక్కలు

ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ పెట్టండి. దరఖాస్తుకు వారం ముందు బంధువుల దగ్గర తెచ్చి వేసిన ఐదు లక్షలు వెంటనే కనబడిపోతాయి, అనుమానం పెంచుతాయి తప్ప పని చేయవు. చీటీ ఎత్తిన డబ్బో, పత్తి అమ్మిన డబ్బో, ప్లాటు అమ్మిన డబ్బో నిజంగానే పడి ఉంటే దాని కాగితం జత చేసి, ఎక్కడి నుంచి వచ్చిందో ఒక వాక్యం రాయండి. అదనంగా ఫిక్స్‌డ్ డిపాజిట్లు, పోస్టాఫీసు పొదుపు చూపించండి. సీఏ ఇచ్చే ఆస్తుల సర్టిఫికెట్ ఉంటే మంచిదే, కానీ వెనక అసలు కాగితాలు లేకపోతే దానికి విలువ లేదు.

ఖర్చంతా కొడుకే పెట్టుకుంటాడని రాయడం కన్నా, టికెట్లు మేము కొంటాం, ఉండటం తినడం అతని ఇంట్లో అని రాయడం నయం. అతని కేసు ఇంకా తేలలేదు కదా, మొత్తం భారం అతని మీద వేస్తే దరఖాస్తు బలహీనపడుతుంది.

పిల్లలు పంపాల్సిన ఆహ్వాన లేఖ

ఇందులో మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోను, బంధుత్వం, ఎందుకు వస్తున్నారు, ఎంతకాలం, ఎక్కడ ఉంటారు, ఎప్పుడు వెళ్లిపోతారు అన్నవి ఉండాలి. పిలిచేవాళ్ల పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఉద్యోగం, కెనడాలో హోదా, ఇంట్లో ఎంతమంది ఉంటారో కూడా రాయాలి. హోదా దగ్గర "రెఫ్యూజీ క్లెయిమెంట్" అనే రాయాలి. క్లెయిమెంట్‌గా ఇచ్చిన గుర్తింపు పత్రం నకలు, వర్క్ పర్మిట్, పని చేసేచోటి లేఖ, ఇటీవలి పే స్లిప్పులు, ఇంటి అద్దె ఒప్పందం జత చేయాలి. కేసు ఎందుకు పెట్టారో ఈ లేఖలో రాయకూడదు.

మీ వివరణ లేఖ

ఒక పేజీ, మహా అయితే ఒకటిన్నర. ఇంగ్లిష్‌లోనే పంపాలి, కానీ ముందు తెలుగులో మీ మాటల్లో రాసుకుని అనువాదం చేయిస్తే నిజం వినిపిస్తుంది. ఇలా ఉండొచ్చు:

"మేము మిర్యాలగూడ దగ్గర నాలుగెకరాల్లో వరి పండిస్తాం. మా చిన్న కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు మాతోనే ఉంటారు. పెద్ద కొడుకు బ్రాంప్టన్‌లో ఉంటున్నాడు. అక్కడ శరణార్థి హోదాకు దరఖాస్తు చేసుకున్నాడు, విచారణ ఇంకా జరగలేదు. అందువల్ల అతను మమ్మల్ని చూడటానికి రాలేడు. ఆ దరఖాస్తు విషయాలు అతను సంబంధిత బోర్డు ముందు చెప్పుకుంటాడు. మేము అతనితో ఐదు వారాలు గడిపి, వానాకాలం నాట్లకు ముందు తిరిగి వస్తాం. మాకు కెనడాలో స్థిరపడే ఉద్దేశం లేదు. మేము లేనప్పుడు పొలం మా చిన్న కొడుకు చూసుకుంటాడు, నాట్లకు మాత్రం మేము ఉండాలి."

ఇందులో కేసు దాచలేదు, కేసు గురించి తీర్పూ చెప్పలేదు. ప్రతి వాక్యానికీ వెనక కాగితం ఉండాలి. మీకు కూడా ఇక్కడ నిజంగా ప్రమాదం ఉంటే మాత్రం ఇలాంటి లేఖ రాయకండి. ముందు లాయరును అడగండి, ఎందుకంటే అబద్ధపు సంతకం రేపు మీ మీదికే వస్తుంది.

ఆన్‌లైన్‌లో పెట్టడం

దరఖాస్తు కెనడా వలస శాఖ వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. అకౌంట్ మీ సొంత ఈమెయిల్‌తో తెరవండి, పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండాలి. విజిటర్ వీసా ఫారం, కుటుంబ వివరాల ఫారం, పాస్‌పోర్ట్ పేజీలు, 35×45 మిల్లీమీటర్ల ఫోటో, పైన చెప్పిన కాగితాలు. ఒక్కో గడికి ఒక్క ఫైలే పడుతుంది కాబట్టి బ్యాంకువన్నీ ఒక పీడీఎఫ్, భూమివన్నీ ఒక పీడీఎఫ్‌గా కలిపి, మొదటి పేజీలో లోపల ఏముందో రాయండి.

ఫారంలో ఒక ప్రశ్న దగ్గర చాలామంది జారిపోతారు: ఏ దేశమైనా ఇంతకుముందు మీకు వీసా నిరాకరించిందా? ఎప్పుడో పెద్దమ్మాయి దగ్గరికి వెళ్దామని అమెరికా వీసాకు వెళ్లి రాకపోయి ఉంటే అదీ రాయాలి. పాత రిజెక్షన్ వల్ల జరిగే నష్టం చిన్నది, దాచడం వల్ల జరిగేది పెద్దది.

వీసా ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కు (వేలిముద్రలు, ఫోటో) మనిషికి 85, కుటుంబం కలిసి పెడితే 170 మించదు. భార్యాభర్తలకు మొత్తం 370 డాలర్లు. అంతర్జాతీయ చెల్లింపులు జరిగే కార్డు కావాలి, లేదంటే పిల్లలు అక్కడి నుంచి కట్టవచ్చు.

ఫీజు కట్టాక బయోమెట్రిక్స్ లేఖ వస్తుంది. 14 నుంచి 79 ఏళ్ల మధ్యవాళ్లు 30 రోజుల్లోపు వీఎఫ్‌ఎస్ అనే వీసా సేవల సంస్థ కేంద్రంలో వేలిముద్రలు, ఫోటో ఇవ్వాలి. మనకు దగ్గరిది హైదరాబాద్. పొలం పనులు చేసి వేళ్ల గీతలు అరిగిపోయిన పెద్దవాళ్లకు రేషన్ మిషన్ దగ్గర వచ్చే ఇబ్బందే ఇక్కడా రావచ్చు. నాలుగైదు రోజుల ముందు నుంచి రాత్రిపూట చేతులకు కొబ్బరినూనె రాసుకోమనండి, గోరింటాకు పెట్టుకోవద్దు. ఒకసారి ఇచ్చిన ముద్రలు 10 ఏళ్లు పనికొస్తాయి. వీసా ఒప్పుకున్నాకే పాస్‌పోర్ట్ అడుగుతారు, ముందే ఇవ్వనక్కర్లేదు. అప్పటిదాకా విమాన టికెట్లు కొనొద్దు.

ఏజెంట్ల గురించి

డబ్బు తీసుకుని కెనడా వలస సలహా ఇవ్వడానికి అర్హులు అక్కడి లాయర్లు, క్యూబెక్ నోటరీలు, కాలేజ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అండ్ సిటిజెన్‌షిప్ కన్సల్టెంట్స్ లైసెన్సు ఉన్నవాళ్లు. లైసెన్సు ఉందో లేదో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడవచ్చు. టైపు చేసిపెట్టడానికి, స్కాన్ చేయడానికి ఇంటర్నెట్ సెంటర్ సాయం తీసుకోండి, తప్పులేదు. కానీ "ఏం రాయాలో నాకు వదిలేయండి" అనేవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయండి. ఏజెంటు రాసినా అబద్ధానికి బాధ్యత సంతకం పెట్టిన మీదే. పంపే ముందు నింపిన ఫారం మొత్తం ఎవరితోనైనా తెలుగులో చదివించుకుని వినండి.

రిజెక్ట్ అయితే

లేఖలో రెండు మూడు స్టాక్ వాక్యాలు ఉంటాయి: కుటుంబ బంధాలు, ప్రయాణ ఉద్దేశం, ఆర్థిక పరిస్థితి. టెన్షన్ పడి మర్నాడే అవే కాగితాలతో మళ్లీ పెడితే అదే జవాబు వస్తుంది. అధికారి రాసుకున్న నోట్సు తెప్పించుకోండి. మీ సమ్మతి ఫారం మీద మీ కొడుకు కెనడాలో సమాచార చట్టం కింద 5 డాలర్లు కట్టి అడగవచ్చు. అసలు అనుమానం ఎక్కడ వచ్చిందో అందులో ఉంటుంది. పరిస్థితిలో నిజంగా మార్పు వచ్చినప్పుడు, అంటే బోర్డు తీర్పు వచ్చినా, కొత్త కారణం పుట్టినా, కొత్త సాక్ష్యం దొరికినా మళ్లీ పెట్టండి. విజిటర్ వీసా నిరాకరణపై అప్పీలు లేదు. తీర్పు అన్యాయంగా ఉందనిపిస్తే 60 రోజుల్లోపు కెనడా ఫెడరల్ కోర్టులో సమీక్ష కోరవచ్చు, దానికి లాయరు కావాలి, ఖర్చు ఎక్కువ.

వీసా వచ్చాక

హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగానో, దుబాయ్, దోహా, అబుదాబీ మీదుగానో ఒకే టికెట్ మీద వెళ్తే పెద్దవాళ్లకు సులువు. యూరప్ మీదుగా అయితే ట్రాన్సిట్ వీసా నియమాలు ముందే చూసుకోండి. ఆరోగ్య బీమా విజిటర్ వీసాకు తప్పనిసరి కాదు, అయినా తీసుకోండి. బీపీ, షుగర్, స్టెంట్ లాంటివి దాచకుండా చెప్పి తీసుకోండి. అక్కడ ఒక్క రాత్రి ఆసుపత్రి బిల్లు ఒక పంట డబ్బును మింగేస్తుంది.

అక్కడ దిగాక సరిహద్దు అధికారి అడిగితే దరఖాస్తులో రాసిందే చెప్పండి. "కొడుకు దగ్గరికి వచ్చాం, శరణార్థి కేసు నడుస్తోంది, ఫలానా తేదీకి తిరిగి వెళ్తాం." తెలుగు తప్ప రాకపోతే దుభాషిని అడగండి, అరకొర ఇంగ్లిష్‌లో తప్పు అర్థం వచ్చే మాట అనొద్దు. ఆహ్వాన లేఖ, తిరుగు టికెట్, వివరణ లేఖ నకలు చేతి సంచిలో పెట్టుకోండి, లగేజీలో కాదు. పాస్‌పోర్ట్‌లో వేరే తేదీ రాయకపోతే ఆ రోజు నుంచి 6 నెలలు ఉండొచ్చు. పనికి వెళ్లకూడదు. మనవణ్ణి చూసుకోవడం వేరు, తెలిసినవాళ్ల హోటల్లో చేయి సాయం చేసి డబ్బు తీసుకోవడం వేరు.

ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే గడువుకు కనీసం 30 రోజుల ముందు పొడిగింపుకు అప్లై చేయాలి. గడువులోపు పెడితే జవాబు వచ్చేదాకా చట్టబద్ధంగానే ఉన్నట్టు. తిరిగొచ్చాక బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్ట్ ముద్రలు, టికెట్ల నకళ్లు ఒక ఫైల్లో భద్రపరచండి. వచ్చేసారి దరఖాస్తులో వివరణ లేఖ కన్నా పైన పెట్టాల్సినవి అవే.